రష్యా చావీ వాచీలు: రకెటా, వొస్తోక్, పొబెదా కొనే ముందు ఏం చూడాలె?

గడియారం_సెంటర్ (నల్గొండ):

అన్నలందరికీ నమస్తే. నల్గొండల ఒకాయన దగ్గర మూడు పాత రష్యా వాచీలు అమ్మకానికి ఉన్నయి. మూడూ చావీ ఇచ్చేటియే.

ఒకటి రకెటా. నల్ల డయల్, 1 నుంచి 24 దాకా అంకెలు, కొత్తదాని లెక్క మెరుస్తున్నది. రెండోది వొస్తోక్ కమాండిర్‌స్కీ. డయల్ మీద ట్యాంకు బొమ్మ, 3 దగ్గర తేదీ కిటికీ. దీని క్రౌన్ (చావీ ఇచ్చే పక్క బొడిపె) మరలు విప్పినంక అటూ ఇటూ ఊగుతున్నది. మూడోది పొబెదా. 6 దగ్గర చిన్న సెకండ్ల ముల్లు, డయల్ పసుపు పట్టింది, గీతలు కూడా ఉన్నయి. 1950లనాటిది అంటున్నడు.

వెనక మూత తీసి చూపిస్తనంటున్నడు గని ఏం చూడాల్నో తెలుస్తలేదు. నాకు రష్యన్ చదువరాదు. మూడిట్ల ఏది తీసుకోవాలె, ఏది వదిలెయ్యాలె? తీసుకున్నంక సర్వీసు ఎట్ల చేపియ్యాలె?

పాలమూరు_చావీ (మహబూబ్‌నగర్):

ముందు డయల్ చూసుడు బంద్ పెట్టి మిషిన్ మీద నంబరు చదువుండ్రి. 1960ల నుంచి వచ్చిన మిషిన్లల్ల బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగే చక్రం) దగ్గర నాలుగు అంకెలు కొట్టి ఉంటయి. అంకెలు మనయే కాబట్టి రష్యన్ రాకున్నా నడుస్తది. మొదటి రెండు అంకెలు మిషిన్ వెడల్పు, మిల్లీమీటర్లల్ల. తర్వాతి రెండు ఆ మిషిన్ ఏం చేస్తదో చెప్తయి.

చివర 09 ఉంటే సెకండ్ల ముల్లు నడుమల ఉంటది, కింద పడితే తట్టుకునే ఏర్పాటు ఉంటది, తేదీ ఉండదు. 14 ఉంటే అదే మిషిన్‌కు తేదీ తోడైతది. 16 అంటే ఆటోమేటిక్, తేదీతో. 28 అంటే వారం, తేదీ రెండూ. 02 అంటే చిన్న సెకండ్ల ముల్లు, దెబ్బ తట్టుకునే ఏర్పాటు లేదు. పొల్యోత్ అనే రష్యా కంపెనీ 3133 పేరు విని ఉంటరు, 31 మిల్లీమీటర్ల స్టాప్‌వాచ్ మిషిన్ అన్నట్టు.

ఒక్క నంబరుతోనే ఫ్యాక్టరీ తెలుస్తదనుకోవద్దు. 2414 వొస్తోక్‌కు ఉన్నది, స్లావా అనే ఇంకో రష్యా కంపెనీకీ ఉన్నది. స్లావా అయితే స్ప్రింగు డబ్బాలు (చావీ ఇచ్చే స్ప్రింగు ఉండేటియి) రెండు ఉంటయి, మూత తీయంగనే కనబడతది. వొస్తోక్‌ల ఒక్కటే. వొస్తోక్ డయల్ కింద రెండు డబ్బాల మిషిన్ కనబడితే ఎవరో కలిపి పెట్టిండ్రు.

మీ రకెటాకైతే మూత తీయకముందే పరీక్ష ఉన్నది. క్రౌన్ బయటికి గుంజి నిమిషాల ముల్లును సరిగ్గా ఒక పూర్తి చుట్టు తిప్పుండ్రి. గంటల ముల్లు ఎంత కదిలిందో చూడుండ్రి. 24 గంటల అసలు మిషిన్ అయితే 15 డిగ్రీలు, అంటే డయల్ మీద ఒక్క అంకె జరుగుతది. రెండు అంకెలు జరిగితే అది మామూలు 12 గంటల మిషిన్, దాని మీద 24 అంకెల డయల్ అతికిచ్చిండ్రు. అది టైమే చూపియ్యది. పొద్దున 10 గంటలకు ముల్లు 20 మీద ఉంటది. రకెటా 24 గంటల మిషిన్ నంబరు 2623, మామూలుది 2609.

17_రాళ్లు (మిర్యాలగూడ):

పైన చెప్పింది మిషిన్ సంగతి. నేను డయల్ గురించి చెప్తాను, ఎందుకంటే పాత వాచీలో తిరిగి దొరకనిది డయలే. ఆగిపోయిన మిషిన్‌ను నడిపించవచ్చు, పగిలిన అద్దం మార్చవచ్చు. ఒకసారి రంగు గీకి మళ్లీ అచ్చు వేసిన డయల్‌ను మాత్రం వెనక్కి తేలేం.

10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం తీసుకెళ్లండి. అక్షరాల అంచులు చూడండి. ఫ్యాక్టరీ అచ్చు అంచు పదునుగా ఉంటుంది. ఇలా మళ్లీ అచ్చు వేసిన రీడయల్‌లో సిరా కొద్దిగా ఉబ్బి, ఒకే అక్షరం ఒకచోట లావుగా ఒకచోట సన్నగా కనిపిస్తుంది. నిమిషాల గీతలు డయల్ అంచుకు అన్నివైపులా సమాన దూరంలో ఉన్నాయా చూడండి. డయల్ మీద రేడియం చుక్కలు ఉండి ముళ్లలో లేకపోతే ఏదో ఒకటి మార్చినట్టే.

రష్యన్ రాకపోయినా కంటితో గుర్తుపట్టే కిటుకు ఉంది. వాళ్ల లిపిలో కొన్ని అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల్లాగే కనిపిస్తాయి, పలికేది వేరు. రకెటా అని రాసింది మనకు ‘పాకెటా’ లాగా కనిపిస్తుంది, వొస్తోక్ ‘బోక్టోక్’ లాగా కనిపిస్తుంది. 6 అంకె కింద అంచున సన్నని అక్షరాల్లో చివర ‘సీసీసీపీ’ లాగా కనిపించేది నిజానికి ఎస్ఎస్ఎస్ఆర్, సోవియట్ యూనియన్‌లో తయారైందని అర్థం. ఎగుమతి వాచీల మీద అదే మాట ఇంగ్లీషులో ఉంటుంది. అక్కడ రష్యా పేరు ఉంటే 1991 తర్వాతి డయల్.

ఇక సంవత్సరాలు. అమ్మేవాళ్లు చెప్పే వయసు, డయల్ మీది గుర్తులు పొసగాలి. ఐదు మూలల బొమ్మలాంటి సోవియట్ నాణ్యతా చిహ్నం 1967లో వచ్చింది. 1955 పొబెదా అని చెప్పి డయల్ మీద ఆ చిహ్నం ఉంటే డయలైనా తర్వాతిది, లేదా చెప్పిన వయసైనా తప్పు. కమాండిర్‌స్కీ 1965లో, వొస్తోక్ వాళ్లదే ఆంఫిబియా 1967లో మొదలయ్యాయి. రకెటా పేరు వ్యోమగామి గగారిన్ 1961 ఏప్రిల్ 12న అంతరిక్షంలోకి వెళ్లొచ్చాక వచ్చింది. 1950ల రకెటా అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. డయల్ మీద రాసిన రాళ్ల (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) సంఖ్య, మిషిన్ వంతెన (చక్రాలను పట్టి ఉంచే పలక) మీద చెక్కిన సంఖ్య ఒకటే ఉండాలి. డయల్ 23 అని, లోపల 17 అని ఉంటే అవి రెండు వేర్వేరు వాచీల ముక్కలు.

మన దగ్గర చీకట్లో మెరిసేదాన్నంతా రేడియం అంటాం కాబట్టి ఒక హెచ్చరిక. 1940లు, 50ల సైనిక వాచీల్లో కొన్నింటిలో నిజమైన రేడియమే పూశారు. మెరుపు ఎప్పుడో పోయి గోధుమ రంగులోకి మారి ఉంటుంది, కానీ రేడియం సగం తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. పెచ్చులూడుతున్న అలాంటి డయల్‌ను గీకకండి, ఊదకండి, అన్నం తినే బల్ల మీద విప్పకండి. ఆ పొడి ఊపిరితో లోపలికి పోవడమే అసలు ప్రమాదం.

గడియారం_సెంటర్:

అన్నా, ఇయాల పోయి చూసిన. రకెటా నిమిషాల ముల్లు ఒక చుట్టు తిప్పితే గంటల ముల్లు రెండు అంకెలు జరిగింది. లోపల 2609 అని ఉన్నది.

వొస్తోక్‌ల 2414, 17 రాళ్లు, స్ప్రింగు డబ్బా ఒక్కటే. డయల్ కింద సీసీసీపీ లాంటి అక్షరాలు ఉన్నయి. వాచీ పెట్టె అంచుల దగ్గర తెల్ల పూత పోయి పసుపు ఇత్తడి కనబడుతున్నది.

పొబెదాల నాలుగంకెల నంబరు లేదు. ‘1 ఎం 43’ లాగ ఒక గుర్తు, దాని దగ్గర 2-54 అని ఉన్నది. చావీ ఇస్తే కొంచెంసేపు నడిచి ఆగిపోతున్నది. డయల్ కొత్తగ అచ్చు ఏపియ్యొచ్చు అంటున్నడు.

పాలమూరు_చావీ:

రకెటా వదిలెయ్యుండ్రి. మిషిన్ మంచిదే గని ఆ డయల్‌తోని దానికి పని లేదు. విడి భాగాల కోసం తక్కువకు ఇస్తే వేరే ముచ్చట.

పొబెదా తీసుకోండ్రి. మీకు 4 లెక్క, 3 లెక్క కనబడినయి అంకెలు కావు, రష్యన్ అక్షరాలు: చ, జ. ఆ గుర్తు మాస్కో మొదటి వాచీల ఫ్యాక్టరీది. 2-54 అంటే 1954ల రెండో మూడు నెలలు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఆ కాలపు పొబెదాకు నాలుగంకెల నంబరు లేకపోవుడే సరి. ఫ్రాన్స్‌ల లిప్ అనే కంపెనీ మిషిన్ నుంచి వచ్చింది ఇది. 26 మిల్లీమీటర్లు, 15 రాళ్లు, గంటకు 18,000 టిక్కులు. పొబెదా అంటే విజయం, యుద్ధంల గెలుపు మీద పెట్టిన పేరు.

కొనే ముందు ఒక్కటి చూడుండ్రి. దీనికి దెబ్బ తట్టుకునే ఏర్పాటు లేదు, కింద పడితే బ్యాలెన్స్ ఇరుసు మొన విరుగుతది. మూత తీసి బ్యాలెన్స్ చక్రం వైపు చూసుకుంట వాచీని మెల్లగ అటు ఇటు వంచుండ్రి. చక్రం ఒక పక్కకు ఒరిగి వంతెనకు తగిలితే ఇరుసు పోయింది. సమంగ, తగలకుంట ఊగితే ఎండిపోయిన నూనెతోనే ఆగుతున్నది, సర్వీసుతో లేస్తది.

డయల్‌కు అచ్చు మాత్రం అస్సలు వద్దు.

సూర్యాపేట_సమయం:

డయల్ అంత పాడైతే అచ్చు ఏపిస్తే తప్పేంది? రోజూ పెట్టుకునేటందుకు చూడ ముచ్చటగుండాలె గద.

17_రాళ్లు:

పెట్టుకోవడానికే అయినా నేను ఒప్పుకోను. అచ్చు వేసే ముందు పాత పూతను లోహం దాకా గీకేస్తారు, ఫ్యాక్టరీ అక్షరాలు అక్కడితో పోతాయి. గీకేటప్పుడు డయల్ వెనకున్న రెండు సన్నని కాళ్లు విరిగితే జిగురుతో అతికిస్తారు. అప్పుడు డయల్ కొద్దిగా లేచి ముల్లుకు తగులుతుంది, మిషిన్ బాగున్నా వాచీ ఆగుతుంది. పసుపు పట్టిన డయల్‌ను పొడి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపి అలాగే ఉంచండి. తడి గుడ్డతో తుడిచినా అక్షరాలు లేచిపోవచ్చు. గీతలు అద్దం మీదివే అయితే అది ప్లాస్టిక్ అద్దం కాబట్టి 1500, 2000 నంబర్ల నీటి కాగితంతో వరుసగా రుద్ది, తర్వాత టూత్‌పేస్టుతో పాలిష్ చేస్తే పోతాయి. అద్దం పెట్టె నుంచి తీశాకే రుద్దాలి.

నూనెచుక్క (వనపర్తి):

సర్వీసు గురించి అడిగిండ్రు. విప్పేటాయనకు ఈ మాటలు చెప్పుండ్రి, లేకుంటే దగ్గర కూసోని చూడుండ్రి.

విప్పే ముందు స్ప్రింగు బలం దించాలె. క్రౌన్ వేళ్లతోని పట్టుకొని, చావీ పక్కున తిరిగిపోకుంట ఆపే చిన్న కొక్కాన్ని పక్కకు నెట్టి, క్రౌన్‌ను వేళ్ల మధ్య మెల్లగ తిరగనియ్యాలె. బలం దించకుంట వంతెన లేపితే పండ్లు విరుగుతయి.

కడిగేటందుకు మన దగ్గర పెట్రోలు వాడతరు, అది సరే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే ప్యాలెట్ ఫోర్కును (చక్రాన్ని ఒక్కొక్క పన్ను వదిలే చిన్న కొక్కెం), బ్యాలెన్స్‌ను దాంట్ల నానబెట్టొద్దు. వాటి రాళ్లు లక్కతోని అతికి ఉంటయి, లక్క ఆల్కహాల్‌ల కరుగుతది. రాయి జరిగితే వాచీ నడవది, దాన్ని మళ్లీ సరైన చోట పెట్టుడు చానా కష్టం. నీళ్లతోని కడగాల్సి వస్తే బోరు నీళ్లు వద్దు. మన జిల్లాల నీళ్లల్ల ఉప్పు ఎక్కువ, ఆరినంక తెల్ల మరక మిగిలి ఇరుసుల దగ్గర గీసుకుంటది. బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ వాడుండ్రి.

నూనె ఒక్కటే రకం అంతటా పోసుడు పెద్ద తప్పు. బ్యాలెన్స్‌కు, తొందరగ తిరిగే చక్రాలకు పల్చటిది, మోబియస్ కంపెనీ 9010 నూనె సరిపోతది. మెల్లగ తిరిగి బరువు మోసేటియిటికి చిక్కటిది. ప్యాలెట్ రాళ్ల మొనలకు మోబియస్ 9415. ప్యాలెట్ ఫోర్కు ఇరుసులకు ఏమీ పెట్టొద్దు. చుక్క ఎంతంటే రాతి గుంటల సగం నుంచి మూడింట రెండొంతుల దాకా, పొంగొద్దు. కుట్టు మిషిన్ నూనె పోస్తే మన ఎండకు పల్చబడి పాకి హెయిర్‌స్ప్రింగు (బ్యాలెన్స్‌కు ఉండే సన్నని చుట్ల స్ప్రింగు) మీదికి పోతది. చుట్లు ఒకదానికొకటి అంటుకుంటయి, వాచీ రోజుకు నిమిషాలకు నిమిషాలు ముందుకు ఉరుకుతది. అయస్కాంతం పట్టినా ఇదే లక్షణం. కంపాస్ మీద వాచీ పెట్టి చూడుండ్రి, సూది కదిలితే అయస్కాంతం తీపిస్తే చాలు, విప్పాల్సిన పని లేదు.

ఫోన్‌ల టైమింగ్ యాప్‌తో చూస్తే పొబెదాకు 18,000, వొస్తోక్ 2414కు 19,800 పెట్టుకోవాలె. డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఊపు 270 డిగ్రీల దగ్గర ఉంటే ఆరోగ్యం, 200 దిగితే సర్వీసు కావాలె. వొస్తోక్ ఫ్యాక్టరీ లెక్కనే రోజుకు 20 సెకండ్లు వెనక నుంచి 60 సెకండ్లు ముందు దాకా. క్వార్ట్జ్ వాచీ తోని పోల్చి రిపేరాయన్ని సతాయించకుండ్రి.

కమాండిర్‌స్కీ క్రౌన్ ఊగుడు రోగం కాదు, దాని కట్టుడే అట్ల. మరలు విప్పినంక కొంచెం బయటికి గుంజిపట్టి చావీ ఇయ్యాలె. ఊగుతుందని బిగిచ్చుకుంట పోతే ఇరుసు విరుగుతది. అంచుల దగ్గర ఇత్తడి కనబడుడు సహజం, చెమటకు పచ్చ పడుతుంటే పొడి గుడ్డతోని తుడుస్తుండాలె. వెనక మూత రెండు గాట్ల రింగుతోని బిగిసి ఉంటది, కత్తెర మొనలతోని తిప్పనియ్యకుండ్రి, గీతలు పడతయి. లోపల రబ్బరు పాతబడి గట్టిపడి ఉంటది. కొత్తది ఏసి, సిలికాన్ గ్రీసు రాపిచ్చినా వానల తడపొద్దు.

తేదీ మార్చుడు కూడ చెప్తున్న. 2414ల తేదీ తొందరగ మార్చే ఏర్పాటు లేదు. ముళ్లను రాత్రి 12 దాటిచ్చి తేదీ మారినంక వెనక్కి సుమారు 8 దాకా తెచ్చి, మళ్లీ ముందుకు 12 దాటియ్యాలె. ఒక్కోసారికి ఒక్క తేదీ జరుగుతది. 24 గంటలు తిప్పుకుంట కూసోవాల్సిన పని లేదు.