అమ్మ పోయిన ఆడపిల్లలు తేరుకోవడానికి ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

గుంతకల్లు మామ:
మా అక్క పోయి రేపు శుక్రవారానికి 85 రోజులు. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది అత్తారింట్లో. పొద్దున పదకొండుకు వాళ్ళమ్మ ఫోన్ చేసే టైము. ఇప్పటికీ ఆ టైముకు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుందంట. చిన్నది కర్నూల్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఏడవనే ఏడవదు. రాత్రి రెండైనా నిద్ర రాక, మెడికల్ షాపులో ఆల్ప్రాజోలమ్ తెచ్చి వేసుకుంటోంది. పెద్దోళ్ళేమో "ఏడిస్తే అమ్మ ఆత్మకు శాంతి ఉండదు" అంటున్నారు. ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసినోళ్ళు చెప్పండి.

తుంగభద్ర గట్టు:
ముందు మాత్ర సంగతి. అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు, కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. అట్లని లాక్కుని పారేయొద్దు. రోజూ వేసుకునే మనిషి ఒక్కసారిగా ఆపితే నిద్ర ఇంకా చెడుతుంది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. 0.25 మిల్లీగ్రాములా, 0.5నా, ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటోంది? ఇవి కాగితం మీద రాసుకుని కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి మానసిక విభాగం ఓపీకి తీసుకుపోండి. వాళ్ళు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు.

నిద్రకు: ఎన్ని గంటలకు పడుకున్నా లేచే టైము ఒకటే ఉండాల. మధ్యాహ్నం రెండు దాటినాక కాఫీ, టీ వద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరేచోట కూర్చోవాల. మంచం మీదే దొర్లుతుంటే మెదడు మంచాన్ని మెలకువకే ముడివేసుకుంటుంది.

ఏడవకపోవడం జబ్బు కాదు. దుఃఖానికి ఐదు మెట్లు ఉంటాయని అందరూ చెప్తుంటారు కదా, ఆ మాట 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలి పుస్తకం నుంచి వచ్చింది. ఆమె రాసింది చావు దగ్గరపడిన రోగులను చూసి. ఆ మెట్లన్నీ వరుసగా ఎక్కి తీరాలని లేదు. పొద్దున అమ్మ చీర పట్టుకుని ఏడ్చి సాయంత్రం రీల్ చూసి నవ్వినా తప్పు లేదు. ఆ నవ్వు లేకపోతే మనిషి ఊపిరి తీసుకునేది ఎప్పుడు?

పదకొండు గంటల టైమును ఖాళీగా వదలొద్దు. కాలేజీ విరామం కుదిరితే అదే టైముకు చెల్లెలు అక్కకు ఫోన్ చేయాల. పది నిమిషాలు అమ్మ గురించి మాట్లాడుకుని, తర్వాత అక్క చేతులకు పని ఉండేట్టు చూడండి. బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలవడమో, బియ్యం ఏరడమో ఏదైనా సరే.

పెన్నా ఒడ్డు:
మామా, 85 రోజులు అన్నారు, ఆమె సిమ్ సంగతి చూసినారా? 90 రోజులు కాల్, మెసేజ్, డేటా ఏదీ వాడకపోతే కంపెనీ నంబరు ఆపేయొచ్చు. తర్వాత అది వేరేవాళ్ళకు పోతుంది. పెద్దమ్మాయి ఒకరోజు పదకొండుకు ఆగలేక ఆ నంబరుకే ఫోన్ చేస్తే, ఎవరో మగాయన ఎత్తి "ఎవరమ్మా" అంటాడు. ఈరోజే రీఛార్జ్ చేసి ఆ సిమ్ నుంచి ఒక కాల్ చేయండి. మరణ ధ్రువపత్రం చేతికొచ్చినాక షోరూముకు పోయి కుటుంబంలో ఒకరి పేరుకు మార్పించుకోండి.

వాట్సాప్ 120 రోజులు తెరవకపోతే ఖాతా పోతుంది. కూతుళ్ళ ఫోన్లలో ఉన్న వాయిస్ మెసేజులు అట్లే ఉంటాయి గానీ, ఫోన్ మారిస్తే అవీ పోవచ్చు. చాట్ తెరిచి, మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి, ఇద్దరి మెయిళ్ళకూ పంపండి. ఫైలు తెరిచి గొంతు వినిపిస్తోందో లేదో ఒకసారి చూసుకోండి. చాలామంది ఈ పని మరిచి, మీడియా లేని ఉత్త అక్షరాల ఫైలు దాచుకుంటారు.

చీరలు దినాల్లోనే పంచేసినారా? లేకుంటే ఆమె కట్టి విడిచిన నూలు చీరలు రెండు ఉతక్కుండా గాలి చొరని కవర్లో పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే అమ్మ వాసన పోయి ఉండల వాసనే మిగుల్తుంది. పట్టుచీరకు మాత్రం ప్లాస్టిక్ వద్దు. తెల్ల పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకుంటే జరీ మడత దగ్గరే విరుగుతుంది.

కడప వాకిలి:
ఆత్మశాంతి మాట అనే పెద్దోళ్ళతో వాదన పెట్టుకోవద్దు. "పిల్ల నా దగ్గర ఏడుస్తుందిలే" అని మేనమామ ఒక్క మాట అంటే వాళ్ళు ఊరుకుంటారు.

పెళ్ళైన కూతురికి మైల మూడు దినాలే అని చాలా ఇళ్ళల్లో లెక్క. అత్తారింట్లో దుఃఖం కూడా అంతే అనుకుంటారు. ఆ అమ్మాయి అత్తతో మీరే మాట్లాడండి. "కొంచెం చూసుకోండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "ఆదివారం మధ్యాహ్నం వంట ఆమెకు వద్దు" అని చెప్తే అర్థమవుతుంది.

ఎవరూ ముందుగా ఆలోచించనిది ఒడిబియ్యం, అదే పెళ్ళైన కూతురి ఒడిలో పుట్టింట్లో బియ్యం పోసే వేడుక. తల్లి లేని పుట్టింట్లో ఒడి ఎవరు నింపుతారని ఆ రోజు అందరి ముందూ తడబడితే పిల్ల కూలిపోతుంది. పిన్నమ్మో, మేనత్తో, మీ ఇంటామెనో, ఇప్పుడే అనుకోండి.

ఇంకొకటి, సంతకాలు. హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, 1956 వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్తకూ కొడుకులకూ కూతుళ్ళకూ సమాన వాటా. దినాలు కాగానే హక్కు విడుదల పత్రం ముందు పెట్టేవాళ్ళు ఉంటారు. రిజిస్టరైనాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. నిద్రలేని కండ్లతో ఏ కాగితం మీదా సంతకం వద్దు.

గుంతకల్లు మామ:
ఇది మామూలు దుఃఖం కాదు, డాక్టరు దగ్గరికి పోవాల్సిందే అని ఎట్లా తెలుస్తుంది?

తుంగభద్ర గట్టు:
ఆరు నెలలు దాటినాక కూడా రోజులో ఎక్కువ సేపు అదే ధ్యాసతో ఉండి, చదువు, ఇల్లు, స్నానం, తిండి నడవకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చికిత్స కావాల్సిన దీర్ఘ దుఃఖంగా లెక్కేస్తుంది. అమెరికా సైకియాట్రిస్టులు పెద్దవాళ్ళకు ఏడాది గడువు పెట్టుకున్నారు. "నేనూ అమ్మ దగ్గరికే పోతా" అన్న మాట వస్తే మాత్రం గడువులు చూడొద్దు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, మాత్రలు, పురుగుమందు అందకుండా తీసేయండి, ప్రభుత్వం నడిపే మానసిక సాయం ఫోన్ లైను టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఛాతీలో నొప్పి అంటే బెంగ అని తోసేయకుండా ఈసీజీ తీయించండి.

కడప వాకిలి:
సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, పోయిన తేదీ వేరే రోజు పడుతుంది. ఇంట్లో హడావుడి అంతా తిథి నాడే ఉంటుంది, తేదీ నాడు పిల్లలు ఒంటరిగా ఉంటారు. రెండు రోజులూ క్యాలెండర్లో గుర్తు పెట్టండి.

గుంతకల్లు మామ:
రీఛార్జ్ అయింది. అక్క ఫోన్ నుంచి నాకే ఒక కాల్ చేసుకున్నా. సోమవారం కర్నూలు పోతున్నా.