బడిలో దెబ్బకు కన్నవాళ్ల అనుమతి ఉంటే సరిపోతుందా?

నాలుగో తరగతి అమ్మ:

మొన్న పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి లేచి, "మావాడు మాట వినకపోతే నాలుగు తగిలించండి మేడమ్, నేనేమీ అనుకోను" అన్నారు. చాలామంది తలలూపారు. పిల్లాడు పక్కనే ఉన్నాడు. వాళ్ల నాన్న మాట్లాడినంతసేపూ బ్యాగు జిప్పు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నాడు. టీచర్ నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం అది మామూలు మాటగా అనిపించలేదు. పిల్లల్ని కొట్టమని మనం టీచర్లకు చెప్పవచ్చా? చెప్పినా ఆ మాట చెల్లుతుందా? నేను వద్దనే పక్షం, ముందే చెబుతున్నాను. కొట్టాలనేవాళ్లు కూడా మొహమాటపడకుండా రాయండి.

ఇద్దరు కొడుకుల నాన్న:

నేను ఆ తండ్రి పక్షమే. మొక్కై వంగనిది మానై వంగుతుందా? మా లెక్కల మాస్టారు గోడకుర్చీ వేయించేవారు, ఎక్కాలు తప్పితే బెత్తం అందుకునేవారు. ఆయనంటే మాకు ఈనాటికీ గౌరవమే. ఇప్పుడు టీచర్ కాస్త గట్టిగా కసిరితే చాలు, సాయంత్రానికల్లా తల్లిదండ్రులు స్కూలు మీదికి వెళ్తున్నారు. పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు. క్లాసులో నలుగురు గోల చేస్తే మిగతా అందరి చదువూ పాడవుతోంది. ఆ మిగతా పిల్లల గురించి ఎవరూ మాట్లాడరేం? రక్తం వచ్చేలా కొట్టమని ఎవరూ అనడం లేదు. తప్పు చేసినప్పుడు అరచేతి మీద ఒక దెబ్బ. ఆ మాత్రం అధికారం కూడా లేకపోతే టీచర్ మాట ఎవరు వింటారు?

ఆరో తరగతి పాప తండ్రి:

మీరన్న ఆ మిగతా పిల్లల్లో మా పాప ఒకతె. ఇంతవరకు ఒక్క దెబ్బా తినలేదు. అయినా ఒక సార్ పీరియడ్ ఉన్న రోజున పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. అడగ్గా అడగ్గా చెప్పింది, పక్క వరుసలో కొట్టే చప్పుడు వింటే తను చదివింది కూడా గుర్తుకు రాదట. డౌటు వచ్చినా చేయి ఎత్తదు. మంచి పిల్లల కోసమే కొట్టాలనేవాళ్లు ఆ మంచి పిల్లల్ని ఒకసారి అడగండి.

హైస్కూల్ టీచర్:

నేను కొట్టను. కానీ ఇద్దరు కొడుకుల నాన్నగారు చెప్పిన ఇబ్బంది నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోలేను. నిండు క్లాసు, సిలబస్ టెన్షన్, పైనుంచి మార్కుల ఒత్తిడి. బెత్తం పట్టుకోవద్దని ఆర్డర్ వస్తుంది, బదులుగా ఏం చేయాలో నేర్పేవాళ్లు రారు. చాలామంది టీచర్లు ఇంకేం చేయాలో తోచకే చేయెత్తుతారు. అలాగని అది ఒప్పు అయిపోదు.

ఇక "కొట్టండి మేడమ్" అని చెప్పి వెళ్లే తల్లిదండ్రులు మాకు సాయం చేస్తున్నామనుకుంటారు. నిజానికి ఆ పిల్లాడి డైరీలో "హోంవర్క్ చేయలేదు" అని రాయడానికి కూడా నాకు చేయి రాదు. ఆ ఒక్క లైను చూసి ఇంట్లో బెల్టు తీస్తారని తెలుసు కాబట్టి. ఒకబ్బాయి నేను రాసిన పేజీ చింపేసి, కుట్టు దగ్గర మిగిలిన కాగితం పీచు కూడా కనబడకుండా గోటితో గీకేశాడు. ఆ తర్వాత వాడి గురించి ఇంటికి ఏమీ రాయలేదు, ఏదున్నా వాడితోనే మాట్లాడాను. కొడుకు చదువులో ఎక్కడ వెనకబడ్డాడో ఆ తండ్రికి ఏడాదంతా తెలియలేదు.

నాలుగో తరగతి అమ్మ:

టీచర్ గారూ, నా బాధ సరిగ్గా ఇదే. స్కూల్లో దెబ్బ తగిలితే పిల్లలు ఇంటికొచ్చి చెప్పుకోవాలి. ఇంట్లో తగిలితే చెప్పుకోదగ్గ మనిషి టీచరే. ఆ తండ్రి అందరి ముందూ ఆ మాట అనేసరికి పిల్లాడికి రెండు దారులూ మూసుకుపోయాయి. రేపు ఎవరైనా మితిమీరి కొట్టినా, ఇంట్లో "ముందు నువ్వేం చేశావో చెప్పు" అంటారని వాడికి అర్థమైపోయింది. అరచేతి మీద ఒక్క దెబ్బే అని పెద్దలం హద్దు గీస్తాం. ఆ హద్దు దాటారని చెప్పాల్సింది పిల్లాడే కదా, వాడి నోరు మనమే నొక్కేశాక ఇంకెవరు చెబుతారు?

చెల్లుతుందా అంటే, మన దేశంలో చెల్లదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కన్నవాళ్లు ఒప్పుకుంటే కొట్టవచ్చనే మినహాయింపు అందులో లేదు.

బయటి దేశాల్లో ఈ గొడవ మీద తల్లిదండ్రులు రెండు వైపుల నుంచీ కోర్టుకెక్కారు. స్కాట్లాండ్ బడుల్లో తోలుపట్టీతో అరచేతి మీద కొట్టేవాళ్లు. కాంప్‌బెల్, కోసన్స్ అనే ఇద్దరు తల్లులు మా పిల్లల్ని అలా కొట్టడానికి వీల్లేదన్నారు. కోసన్స్ కొడుకు చేసిన తప్పల్లా, వద్దన్న అడ్డదారిలో శ్మశానం మీదుగా ఇంటికి వెళ్లబోవడం. దెబ్బకు చేయి చాపనన్నాడు, బడి నుంచి సస్పెండ్ చేశారు, మళ్లీ ఆ బడికి వెళ్లనే లేదు. 1982లో యూరప్ మానవ హక్కుల కోర్టు తల్లుల పక్షాన తీర్పు ఇచ్చింది.

దక్షిణాఫ్రికాలో కథ తిరగబడింది. అక్కడ 1996 చట్టంతో బడిలో కొట్టడం ఆగిపోతే, కొన్ని క్రైస్తవ పాఠశాలల సంఘం కోర్టుకు వెళ్లింది. పిల్లల్ని దండించమని తల్లిదండ్రులే మాకు అధికారం ఇస్తున్నారు, మాకు మినహాయింపు కావాలన్నది. 2000లో రాజ్యాంగ న్యాయస్థానం కుదరదంది. మీ విశ్వాసం ప్రకారం పిల్లల్ని పెంచుకోండి, కానీ మీ తరఫున కొట్టే అధికారం టీచర్‌కు ఇవ్వలేరు అన్నది ఆ తీర్పు సారాంశం. బ్రిటన్‌లో కూడా ఇలాంటి కేసే 2005లో వీగిపోయింది. అందులో న్యాయమూర్తి బరోనెస్ హేల్ ఒక మాట రాశారు. కేసంతా పిల్లల గురించే, కానీ పిల్లల తరఫున మాట్లాడటానికి కోర్టులో ఒక్కరూ లేరని. మా మీటింగులో బ్యాగు జిప్పుతో కూర్చున్న పిల్లాడి తరఫునా ఎవరూ మాట్లాడలేదు.

ఇద్దరు కొడుకుల నాన్న:

కోర్టుల సంగతి ఒప్పుకుంటాను. కానీ నా గొడవ వేరు. మా చిన్నవాడి చేతిలోంచి పై క్లాసు కుర్రాడు రోజూ నోట్సు లాక్కుని చింపేవాడు. స్కూలుకు చెబితే "కౌన్సెలింగ్ ఇచ్చాం" అన్నారు. మర్నాడు మళ్లీ అదే. మావాడు ఏడుస్తూ వస్తుంటే ఏ తండ్రికైనా ఆ కుర్రాడికి నాలుగు పడాలనే అనిపిస్తుంది. కొట్టొద్దు అనేవాళ్లు అలాంటివాణ్ణి ఏం చేయాలో కూడా చెప్పాలి. లేకపోతే నష్టపోయేది మెత్తని పిల్లలే.

ఆరో తరగతి పాప తండ్రి:

నాలుగు పడితే వాడు మీవాణ్ణి వదిలేస్తాడనుకోకండి. టీచర్ కనబడని చోట ఇంకో రెండు వేస్తాడు. 2016లో గెర్షాఫ్, గ్రోగన్ కేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 75 అధ్యయనాలను, లక్షా 60 వేల మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూశారు. అది ఇంట్లో కొట్టడం గురించి, బడి గురించి కాదు. అయినా దెబ్బలకూ పిల్లల్లో దురుసుతనానికీ సంబంధం ఉన్నట్టే తేలింది, మంచి ప్రవర్తనకు తోడ్పడినట్టు తేలలేదు. దురుసు పిల్లలే ఎక్కువ దెబ్బలు తింటారు కదా అంటారేమో. అది కొంత నిజమే కావచ్చు. కానీ దెబ్బలతో వాళ్లు బాగుపడి ఉంటే ఆ లెక్కల్లో ఎక్కడో ఒకచోట కనబడాలి కదా.

హైస్కూల్ టీచర్:

నాన్నగారూ, పిల్లాణ్ణి ఆఫీసు రూములో పది నిమిషాలు కూర్చోబెట్టి సంతకం పెట్టించుకోవడాన్ని నేను కౌన్సెలింగ్ అనను. మీ కోపం సబబే. నోట్సు చింపిన కేసు నా క్లాసులోనూ వచ్చింది. ఏం జరిగిందో ఇద్దరి చేతా విడివిడిగా రాయించాను. చింపినవాడు గేమ్స్ పీరియడ్లలో నా టేబుల్ పక్కన కూర్చుని, ఆ నోట్సు మొత్తం, బొమ్మలతో సహా, కొత్త పుస్తకంలో ఎక్కించి ఇచ్చాడు. మధ్యలో ఏడ్చాడు, చేయి నొప్పి అన్నాడు. ఆపి రేపు రాయమన్నాను, మానేయమనలేదు. అదే రోజు వాళ్లమ్మకు ఫోన్ చేసి, "దీనికి ఇంట్లో మళ్లీ కొట్టకండి, పని పూర్తి చేశాడో లేదో మాత్రం చూడండి" అన్నాను. ఇంటర్వెల్‌లో కొన్నాళ్లు వాడు నా కళ్ల ముందే ఉండేలా చూశాను. మొట్టికాయ వేసినట్టు ఒక్క క్షణంలో అయిపోయే పని కాదిది, నా టైము చాలా పట్టింది. అందుకే మాకు క్లాసులో పిల్లల సంఖ్య తగ్గించమని, తోడుగా ఒక మనిషిని ఇమ్మని అడుగుతుంటాం. తల్లిదండ్రులు కూడా మేనేజ్‌మెంటును ఆ మాట అడిగితే మాకు బలం.

ఇద్దరు కొడుకుల నాన్న:

అలా చేసే టీచర్ ఉంటే నేను బెత్తం మాటే ఎత్తను. అన్ని స్కూళ్లలో అలా చేస్తారన్న నమ్మకం మాత్రం నాకు లేదు. ముందు స్కూలు ఏం చేస్తుందో కాగితం మీద పెట్టమనండి.

నాలుగో తరగతి అమ్మ:

వచ్చే మీటింగులో నేను అడగబోయేది అదే. ఒక పిల్లాడు ఇంకొకరిని ఏడిపిస్తే ఆ రోజు స్కూలు ఏం చేస్తుంది, ఎవరు చేస్తారు, రెండు ఇళ్లకూ ఎప్పుడు చెబుతారు అన్నవి రాసి ఇవ్వమంటాను. నా వైపు నుంచి ఇలా రాసి ఇస్తున్నాను: "మా అబ్బాయిని కొట్టవద్దు. వాడు తప్పు చేస్తే అదే రోజు నాకు ఫోన్ చేయండి, వచ్చి మీతో కూర్చుంటాను. మీరు చెప్పింది విని ఇంట్లో కొట్టను." చివరి వాక్యం టీచర్ గారి డైరీ సంగతి చదివాక చేర్చాను. ఎవరికైనా పనికొస్తే వాడుకోండి.