వైవిధ్యం ఎక్కువైతే స్వచ్ఛంద సంస్థలు పెరుగుతాయా?

దేవరకొండ పాఠకుడు:
ప్రభుత్వం సగటు ఓటరు కోరినంత సేవనే అందిస్తుందని, అందువల్ల జాతి, భాష, మతం భిన్నంగా ఉన్న సమాజంలో తీరని కోరికలు ఎక్కువగా మిగిలి, వాటిని లాభాపేక్ష లేని సంస్థలు తీరుస్తాయని అమెరికా ఆర్థికవేత్త బర్టన్ వైస్‌బ్రాడ్ 1970లలో వాదించారు. మన ప్రాంతానికి ఇది సరిపోతుందని నా అభిప్రాయం. ఇంట్లో లంబాడీల భాష గోర్‌బోలి మాట్లాడే తండా పిల్లవాడు తెలుగు వాచకంతో చదువు మొదలుపెట్టేటప్పుడు పడే ఇబ్బంది సగటు ఓటరుకు పట్టేది కాదు; దాన్ని పట్టించుకునేది బయటి సంస్థే.

నల్లగొండ సభ్యుడు:
బడి విషయంలో మీ మాట కాదనను. అయితే ఫ్లోరైడ్ సంగతి చూడండి. మర్రిగూడ వైపు బోరునీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన ఫ్లోరైడ్ కులం చూసి ఎముకలను వంచలేదు. అందరి కోరికా ఒక్కటే, కృష్ణా నీళ్లు. ఆ సిద్ధాంతం ప్రకారం ప్రభుత్వం అన్నిటికంటే ముందు తీర్చవలసిన కోరిక ఇదే, కాని అది దశాబ్దాల పాటు తీరలేదు. 1996లో జలసాధన సమితి ఉద్యమ ఫలితంగా నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారంటే, జనాన్ని కూడగట్టింది భిన్నత్వం కాదు, ఉమ్మడి బాధ.

పాలమూరు మిత్రుడు:
మీరిద్దరూ సంస్థల సంఖ్యనూ వాటి పరిమాణాన్నీ కలిపేస్తున్నారు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదవుతుంది, కులానికొక సంఘం, సంఘానికొక భవనం, ఆ భవనానికి ఎమ్మెల్యే నిధులు (ఎన్నికల ముందు మరీనూ!). వైవిధ్యం వల్ల బోర్డులు పెరిగాయి గాని జీతమిచ్చి మనుషులను పెట్టుకుని ఏళ్ల తరబడి సేవ చేసేవి వాటిలో ఎన్ని? స్వచ్ఛంద సంస్థలపై పరిశోధించిన లెస్టర్ సాలమన్, హెల్మట్ ఆన్‌హయర్ 1998లో దేశాలను పోల్చి చూసినప్పుడు కూడా వైవిధ్య వాదానికి గట్టి ఆధారం దొరకలేదు. సాలమన్ దృష్టిలో ప్రభుత్వమూ ఈ సంస్థలూ పోటీదారులు కాదు, భాగస్వాములు. సర్కారు సొమ్ము వచ్చినచోటే ఇవి పెద్దవవుతాయి.

దేవరకొండ పాఠకుడు:
సంఖ్య, పరిమాణం వేరన్నది ఒప్పుకుంటాను. కాని అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలను (చెంచుల చిన్న ఆవాసాలను) మీ లెక్కలో ఎక్కడ చేరుస్తారు? అక్కడ భిన్నత్వమూ ఉంది, అవసరమూ ఉంది; సొంతంగా సంస్థ నడపడానికి డబ్బూ పలుకుబడీ లేవు. అవసరం ఒకరిది, స్థోమత మరొకరిది అయినప్పుడు సంస్థ పెట్టేది ఎవరన్నదే నా ప్రశ్న.

పాలమూరు మిత్రుడు:
బయటివారే పెడతారు. వారికి గ్రాంటు ఆగిన నాడు సంస్థ మూతపడుతుంది, పెంటలోని అవసరం అలాగే ఉంటుంది. అందుకే పరిమాణాన్ని నిర్ణయించేది వైవిధ్యం కాదు, నిధులని అంటున్నాను.