మాల్ మెనింగా గొప్ప కోచా, గొప్ప జట్టు దొరికిన కోచా?

రగ్బీ లీగ్ బాగా తెలిసినవారు, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువారు ఈ సందేహం తీర్చగలరా? (పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ కాదు, పదమూడు మంది ఆట గురించే అడుగుతున్నాను.)

ఆటగాడిగా మెనింగా గురించి నాకు పేచీ లేదు. పోలీసు ఉద్యోగం చేసి వచ్చినవాడు, కాన్‌బెరా రైడర్స్ క్లబ్బు కెప్టెన్‌గా 1989, 1990, 1994లో ఆస్ట్రేలియా లీగ్ టైటిల్ గెలిచాడు. అంతకుముందు ఎడమ చెయ్యి పదేపదే విరిగింది. మరొకరైతే బూట్లు అటకెక్కించేవారు!

చిక్కంతా కోచింగ్ దగ్గరే. 1997 నుంచి 2001 దాకా అదే రైడర్స్‌కు కోచ్‌గా ఉండి ఒక్క టైటిలూ తేలేదు. 2006లో క్వీన్స్‌లాండ్ రాష్ట్ర జట్టు పగ్గాలు పట్టాక మాత్రం స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో (క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల మధ్య ఏటా జరిగే సిరీస్) 2013 వరకు వరసగా ఎనిమిది సిరీస్‌లు గెలిపించాడు! 2015 దాకా ఉన్న పదేళ్లలో చేజారింది 2014 సిరీస్ ఒక్కటే. కామెరాన్ స్మిత్, జొనాథన్ థర్స్టన్, బిల్లీ స్లేటర్ జట్టులో ఉంటే ఎవరైనా గెలిపిస్తారని న్యూ సౌత్ వేల్స్ అభిమాని అయిన మా సహోద్యోగి వాదన. నాకది మింగుడుపడటం లేదు.

సిరీస్‌కు మూడే మ్యాచ్‌లుండే జట్టులో కోచ్ అసలు చేసే పని ఏమిటి? ఎత్తుగడలా, ఎంపికా, హేమాహేమీలను ఒక్కతాటిపై నడపడమా? వారం వారం ఆడే క్లబ్బులో అక్కరకు రాని గుణమేదో ఇక్కడ కలిసొచ్చిందా? అతని ముద్ర స్పష్టంగా కనిపించే మ్యాచ్ ఒక్కటి చెప్పినా చాలు, వెతుక్కుని చూస్తాను.