గోవా బోమ్ జీసస్ చర్చి ఎర్ర గోడలకి మళ్ళీ గార పెట్టాలా వద్దా?

గోదారోడు: మొన్న ఫ్యామిలీతో ఓల్డ్ గోవా వెళ్ళొచ్చాం. రోడ్డుకి అటుపక్క సే కెథడ్రల్ తెల్లగా, ఇటుపక్క బోమ్ జీసస్ ఎర్రగా, రెండూ ఎదురెదురే. ఇదీ ఒకప్పుడు తెల్లదేనంట, 1950ల్లో పోర్చుగీసోళ్ళ హయాంలోనే గార గీకేశారంట. ఇప్పుడు మళ్ళీ వేయాలని కొందరు పట్టుబడుతున్నారు. నేనైతే వద్దంటా. బయట ఆ మోటు రాయి చూసి లోపలికెళ్తే ఒక్కసారిగా బంగారు పూత ఆల్టర్ (బలిపీఠం), కింద బాల యేసు, పైన చేతులు చాచి నిలబడ్డ జెసూట్ గురువుల సంఘం పెట్టిన సెయింట్ ఇగ్నేషియస్, ఆ పైన త్రిత్వం, కళ్ళు చెదిరిపోయాయి. బయట కూడా తెల్లగా సున్నం కొట్టేస్తే ఆ దెబ్బ ఉంటుందా?

సున్నంబట్టీ: ఆ దెబ్బ కట్టినోళ్ళు అనుకున్నది కాదు అన్నా. ఆ గోడల ఎర్ర రాయి లేటరైట్, దాని నిండా బొక్కలే, నీళ్ళు పీల్చేస్తది, గోవా వానలకి అది బట్టలిప్పి నిలబెట్టినట్టే. ఇంకోటి చూశావా, ముందు వైపు చెక్కుడు పనంతా నల్ల బసాల్ట్ రాయిలో చేశారు. తెల్ల గార మీద ఆ నలుపు ఎత్తి కనబడాలనే చేసుంటారని నా లెక్క, ఇప్పుడేమో ఎరుపులో సగం కలిసిపోయింది.

పాతబస్తీ_పిల్ల: కరెక్ట్. చార్మినార్ 1591, ఈ చర్చి పని మొదలెట్టింది 1594. చార్మినార్ మీద గచ్చు పనంతా చెక్కేసి రాయి భలే ఉంది కదా అంటే మేం ఊరుకుంటామా?

గోదారోడు: చార్మినార్ గచ్చు ఎవరూ తీయలేదు కదండీ, పోలిక కుదరదు. ఇక్కడ తీసేసి డెబ్బై ఏళ్ళయింది, ఆ ఎరుపునే చూస్తూ పెరిగారు జనం, 1986లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడూ ఎర్రగానే ఉంది. ఇదీ చరిత్రే.

సున్నంబట్టీ: డెబ్బై చరిత్రైతే అంతకుముందు మూడొందల యాభై ఏళ్ళేంటి గురూ? చర్చి పూర్తయిన 1605 నుంచి లెక్కెయ్యి.

రైలుపెట్టె: గోడ గొడవ తర్వాత, ముందు పైకప్పు సంగతి చూడండి. 2020లో అక్కడి రెక్టారే, అంటే చర్చి చూసుకునే ఫాదరే, కప్పు బాగుచేయమని బహిరంగంగా మొరపెట్టుకున్నారు. లోపల సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ గారి భౌతికకాయం ఉన్న పేటిక కింద ఉన్న పాలరాతి కట్టడం టస్కనీ దొర మూడో కోసిమో పంపించింది, శిల్పి ఫొజ్జీని పదేళ్ళు చెక్కితే 1698లో బిగించారు. దాని మీద నీళ్ళు కారితే తెలుపైతే ఏంటి ఎరుపైతే ఏంటి.

పాతబస్తీ_పిల్ల: గార వేసినా గానుగ సున్నమే వేయాలి, సిమెంటు పూస్తే మాత్రం లోపలి తడి బయటికి రాక రాయి ఇంకా తొందరగా పాడవుద్ది. నాకు ఆ భయమే ఎక్కువ, టెండరు ఎవరికి పోతుందో ఏమో.

గోదారోడు: సరే ఒకటి ఒప్పుకుంటా. ఫొటో కోసం మా ఆవిడ గోడకి ఆనుకుంటే చీరకి ఎర్రపొడి అంటింది, దులిపినా పోలేదు. అయినా మొత్తం పూసేయకుండా, వెనకవైపు ఒక్క గోడకి వేసి రెండు మూడు వానాకాలాలు చూడమనండి. అది నిలబడితే ముందు వైపు గురించి మళ్ళీ కొట్టుకుందాం.