ఆనందరంగ పిళ్ళై ఇల్లు: పై అంతస్తు కూడా 1738 నాటిదేనా?

పాతమిద్దె:
పుదుచ్చేరి రంగపిళ్ళై వీధిలో ఉన్న ఈ ఇంటికి 1738 అనే ఏడు అతుక్కుపోయింది. కింద మండువా, చెక్కడపు పని ఉన్న కొయ్య స్తంభాలు. పైన ఫ్రెంచి తరహాలో తెల్లటి సున్నపు స్తంభాలు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అంకితం పుచ్చుకున్న మనిషి ఇల్లు కాబట్టి దాని వయసు తెలుగువాళ్ళకూ పట్టిన విషయమే. నా మటుకు 1738 కింది భాగానికే చెల్లుతుంది. పిళ్ళై 1747లో గానీ ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర పెద్ద దుబాసీ (దొరలకు మాటా, బేరసారాలూ నడిపే మధ్యవర్తి) కాలేదు. అలాంటి మేడ ఆ హోదా వచ్చాక వేసిందే అయ్యుంటుంది.

గానుగసున్నం:
హోదాను బట్టి గోడకు వయసు కట్టకూడదండీ. 1738 నాటికే ఆయన పేరున్న వర్తకుడు, 1736 నుంచి దినచర్య రాస్తున్నాడు. పుదుచ్చేరి తమిళ వీధుల్లో కింద తిన్నె, మండువా, పైన ఫ్రెంచి కిటికీలు ఉన్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రెండు తరహాలు కనబడినంత మాత్రాన రెండు కాలాలు అనలేం.

దూలం:
ఇద్దరూ 1761ని వదిలేశారు. ఆ జనవరిలో పిళ్ళై పోయిన కొద్ది రోజులకే పట్టణం ఇంగ్లీషువాళ్ళకు లొంగింది. వాళ్ళు కోటను, ఊళ్ళో పెద్ద పెద్ద కట్టడాలను పడగొట్టారు. ఫ్రెంచివాళ్ళు తిరిగొచ్చింది 1765లో. మేడ ఆ తర్వాత మళ్ళీ కట్టింది కాదని ఎలా చెబుతారు?

పాతమిద్దె:
దూలాల కొయ్యకు కార్బన్ పరీక్ష చేయిస్తే తేలిపోదా?

గానుగసున్నం:
తేలదు. 1650 తర్వాతి కొయ్యకు ఆ పరీక్షలో ఒకే ఫలితానికి మూడు నాలుగు కాలాలు సరిపోతాయి, 1738కీ 1765కీ తేడా పట్టదు. పైగా అది చెట్టు వయసు చెబుతుంది గానీ దూలం ఎక్కించిన ఏడు చెప్పదు. పాత ఇంటి టేకును మళ్ళీ వాడటం మామూలే. దూలంలో పనికిరాని ఖాళీ బెజ్జాలు కనబడితే అది ఇంకో చోటి నుంచి వచ్చిందని అనుమానించాలి. సున్నమూ తేల్చదు. గుల్లసున్నం (సముద్రపు గుల్లలు కాల్చి చేసేది) ఈ తీరంలో ఆ తర్వాత కూడా చాలాకాలం వాడారు.

దూలం:
అయితే మిద్దెనే అడుగుదాం. మద్రాసు మిద్దె తీరు ఇది: టేకు దూలాల మీద 6×3×1 అంగుళాల పలచటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలు వరసల్లో సున్నంతో పేరుస్తారు. దాని మీద 3 అంగుళాల ఇటుక జల్లి, సున్నం పోసి, కరక్కాయ, బెల్లం నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి కొయ్య పలకలతో కొడతారు. ఆపైన పలచటి పెంకులు. అది ఆకాశం కింది కప్పైతే నీళ్ళు తూములకు జారేలా వాలు ఉంటుంది. గది నేలైతే వాలు అక్కర్లేదు. కింది అంతస్తు ఒకప్పుడు పైకప్పుతోనే ఆగిపోయి ఉంటే, ఇప్పటి నేల కింద ఆ వాలు, మూసేసిన తూములు దొరకాలి.

పాతమిద్దె:
అందుకు నేల తవ్వాలిగా! నేను ఒప్పుకోను.

దూలం:
తవ్వనక్కర్లేదు. మెట్ల కోసం మిద్దెను కోసిన చోట మందం అంచున బయటపడుతుంది. దూలం పై అంచు నుంచి పై అంతస్తు నేల దాకా కొలవండి. 7, 8 అంగుళాలుంటే మొదటి నుంచీ నేలే అనడానికి బలం. 10, 11 దాటితే వాలును నింపి మట్టం చేశారేమో చూడాలి. ఒక్క చోట కొలిస్తే చాలదు, మండువా వైపూ వీధి వైపూ కొలవాలి. నేల మట్టంగా ఉండి కూడా నింపుడు ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉంటే పాతమిద్దె గారి మాట నెగ్గినట్టే.

గానుగసున్నం:
అది ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. తర్వాతి కాలంలో ఎవరైనా పాత పెంకుల మీదే కొత్త గచ్చు వేసి ఉంటే మందం దానివల్లా పెరుగుతుంది. పొరలు లెక్కపెట్టాకే అంగుళాలు నమ్మాలి. ఇంకో మాట. ఆ అంచుకు ఎవరూ సిమెంటు పూయకూడదు. సముద్రపు ఉప్పు పట్టిన గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి రాలేక లోపల ఇటుక పొడిపొడిగా రాలుతుంది, పొరల గుర్తూ పోతుంది. మరమ్మతు తప్పనిసరైతే కనీసం రెండు వారాలు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు, అర అంగుళం మించని పూత, వారం రోజులు తడి. అదీ కొలతలు తీసి, ఫొటోలు తీశాకే.