షుగరు సంగతి రాయలేదని క్లెయిమ్ కొట్టేయడం న్యాయమేనా?

చీమకుర్తి బావమరిది:
మా బావగారు గ్రానైట్ క్వారీలో క్రేను నడిపేవారు. 2023 జూన్‌లో పది లక్షల జీవిత బీమా తీసుకున్నారు. 2025 ఆగస్టులో గుండెపోటుతో పోయారు. కంపెనీ వాళ్లు ఒంగోలు ఆసుపత్రి నుంచి పాత చీటీలు సంపాదించి, షుగరుకు ముందునుంచే మందులు వాడుతూ దాచారని క్లెయిమ్ తిరస్కరించారు. కట్టిన ప్రీమియం మాత్రం వెనక్కి పంపారు. పాలసీ కోసం ఇచ్చే ప్రతిపాదన పత్రం (దరఖాస్తు) నింపింది ఏజెంటు, క్వారీ గేటు ముందున్న టీకొట్టు బల్ల మీద. బావ సంతకం పెట్టారంతే. ఇప్పుడు మా అక్క దొంగలా తలదించుకోవాలా?

మాజీ ఏజెంటు, కావలి:
బాధగానే ఉంది తమ్ముడూ, కానీ కంపెనీని తప్పుపట్టలేను. నిజం చెబితే ప్రీమియం పెరుగుతుందని, షుగరు మాట రాయొద్దని నన్ను బతిమాలినవాళ్లు ఎందరో. నిజం చెప్పి ఎక్కువ కట్టినవాడు వెర్రివాడా? 2019లో రిలయన్స్ లైఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: సంతకం పెట్టాక ఏజెంటు నింపాడంటే కుదరదని.

పొగాకు రైతు, కొండపి:
అయ్యా, ఆంగ్లంలో ఉన్న అన్ని పేజీలు మీ ఖాతాదారుల్లో ఎంతమంది చదివారు? మీరు ఎంతమందికి చదివి వినిపించారు?

మాజీ ఏజెంటు, కావలి:
అందరికీ వినిపించానని చెప్పను.

కోర్టు పక్షి, నెల్లూరు:
ఇద్దరూ ఒక్క విషయం వదిలేశారు. ప్రీమియం వెనక్కి ఇచ్చారంటే కంపెనీ మోసం అని ఆరోపించలేదన్నమాట, వాస్తవం దాచారని మాత్రమే అంటోంది. బీమా చట్టం 45వ సెక్షన్‌లో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మోసమని ఆరోపిస్తే, పాలసీదారు బతికిలేనప్పుడు కాదని నిరూపించుకునే భారం కుటుంబానిది. దాచారన్నప్పుడు భారం కంపెనీది: ఆ సంగతి తెలిస్తే పాలసీయే ఇచ్చేవాళ్లం కాదని వాళ్లు చూపించాలి. షుగరున్నవాళ్లకు అదనపు ప్రీమియంతో పాలసీలు ఇస్తూనే ఉన్నారు కదా! 2015 సవరణ తర్వాత అదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: పాలసీ కోసం మాట్లాడి కుదిర్చినవాడు ఒప్పందం విషయంలో కంపెనీ ఏజెంటే.
మూడేళ్లు దాటి ఉంటే అసలు పాలసీని ప్రశ్నించే వీలే లేదు, పది నెలలు తక్కువయ్యాయి, ఖర్మ. గెలుపు ఖాయమనీ అనను. నడుము జబ్బు దాచిన మనిషి గుండెపోటుతో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2015లో కుటుంబం వైపు నిలిచింది. కానీ షుగరుకూ గుండెకూ సంబంధం లేదని ఏ డాక్టరూ రాసివ్వడు.

పొగాకు రైతు, కొండపి:
కోర్టుకు తిరిగే డబ్బెక్కడిది వాళ్లకు?

కోర్టు పక్షి, నెల్లూరు:
ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లాలి. 50 లక్షల దాకా వింటారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆ తీర్పు కంపెనీనే కట్టిపడేస్తుంది, మనకు నచ్చకపోతే ఒంగోలు వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ గడువు రెండేళ్లు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ తలుపు మూసుకుంటుంది. అన్నిటికంటే ముందు ప్రతిపాదన పత్రం నకలు అడగండి.

చీమకుర్తి బావమరిది:
నకలు వచ్చింది. ఆరోగ్య ప్రశ్నలన్నింటికీ ఒకే చేతిరాతతో ‘లేదు’. ‘ప్రశ్నలు తెలుగులో వివరించాను’ అన్న చోట ఏజెంటు సంతకం, దాని పక్కన వంకర టింకరగా బావ సంతకం. ఇక్కడొక వింత. ఎత్తు అయిదడుగుల పదంగుళాలని రాశారు. ఆయన నా భుజం దాకా వచ్చేవారు, నేను అయిదున్నర అడుగులు.

మాజీ ఏజెంటు, కావలి:
మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నింపిన కాగితం కాదది. ఫిర్యాదులో ఆ ఎత్తు సంగతి మొదటి పేరాలోనే రాయండి.